మూల నుంచి మొదలయ్యే మార్పు: స్పిన్ క్రాస్‌ఓవర్ స్ఫటికాల్లో దశా పరివర్తన ఎలా పాకుతుంది

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, నాకు పాఠాలు చెప్పిన మాస్టార్లకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. విషయంలోకి వెళ్లే ముందు ఈ బల్ల మీది గిన్నెను ఒకసారి చూడమని కోరుతున్నాను. అందులో నీళ్లు మరుగుతున్నాయి. ఆ నీళ్లలో మూతి కరిగించి మూసిన రెండు సన్నని గాజు గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే సీసాలోంచి తీసిన ఒకే పొడి ఉంది. ఇనుము, ట్రయజోల్ అనే నైట్రోజన్ వలయం, ఫ్లోరోబోరేట్ కలిసిన సంకీర్ణ సమ్మేళనం అది. రెండు గొట్టాలూ పావుగంట నుంచి అదే నీటిలో, అదే 100 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అయినా ఎడమ గొట్టంలోని పొడి వంగపండు రంగులో ఉంది, కుడి గొట్టంలోనిది తెల్లగా ఉంది.

వేడి ఒకటే, పదార్థం ఒకటే అయినప్పుడు రంగులు రెండెందుకు అన్న ప్రశ్న మీకు రావాలి. ఎడమ గొట్టం గది వేడి నుంచి నేరుగా నీళ్లలోకి వచ్చింది. కుడి గొట్టాన్ని మీరు రాకముందు కొబ్బరి నూనె గిన్నెలో పెట్టి 125 డిగ్రీల దాకా వేడిచేశాను. అక్కడ తెల్లబడిన తర్వాత తుడిచి ఈ నీళ్లలోకి మార్చాను. ఈ పదార్థం వేడెక్కుతున్నప్పుడు సుమారు 385 కెల్విన్, అంటే 112 డిగ్రీల దగ్గర తెల్లబడుతుంది. చల్లారుతున్నప్పుడు మాత్రం సుమారు 345 కెల్విన్, అంటే 72 డిగ్రీల దాకా ఆ తెలుపును వదలదు. ఈ రెండింటి నడుమ ఉన్న నలభై డిగ్రీల మేరలో అది ఏ దారిన వచ్చిందో ఆ దారిని బట్టే దాని స్థితి ఉంటుంది. ఈ గుణాన్ని హిస్టెరిసిస్ అంటారు. ఇలాంటి పదార్థాల్లో సమాచారాన్ని దాచవచ్చునని ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో పనిచేసిన ఒలివియే కాన్, మార్టినెజ్‌తో కలిసి 1998లో చాలా గట్టిగా వాదించారు. ఇప్పుడు పొయ్యి ఆపమని ల్యాబ్ అసిస్టెంట్ గారిని కోరుతున్నాను. నీళ్లు చల్లారే లోపు నేను చెప్పవలసింది చెబుతాను. మధ్యమధ్య ఉష్ణమాపకం మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది రంగు ఎందుకు మారుతుందన్నది మాత్రమే కాదు. ఒక స్ఫటికంలో కోటానుకోట్ల ఇనుప పరమాణువులు ఉంటాయి. వాటిలో మార్పు ఎక్కడ మొదలవుతుంది, ఒకదాని నుంచి మరొకదానికి ఎలా అందుతుంది, ఎంత వేగంతో పాకుతుంది అన్నది నా అసలు విషయం. దానికి ముందు ఒక్క పరమాణువు లోపల జరిగేదాన్ని చెప్పుకోవాలి.

ఇనుము రెండో ఆక్సీకరణ స్థితిలో ఉన్నప్పుడు దాని డి ఆర్బిటాళ్లలో, అంటే ఎలక్ట్రాన్లు ఉండే ఐదు అరల్లో, ఆరు ఎలక్ట్రాన్లు ఉంటాయి. చుట్టూ ఆరు నైట్రోజన్ పరమాణువులు అష్టముఖి ఆకారంలో చేరితే ఐదు ఆర్బిటాళ్లూ దిగువన మూడు, ఎగువన రెండుగా విడిపోతాయి. ఎలక్ట్రాన్ల ముందు రెండు దారులున్నాయి. ఆరూ దిగువ మూడింటిలోనే జతలు జతలుగా సర్దుకుంటే ఒంటరి ఎలక్ట్రాన్ ఉండదు, అయస్కాంత గుణం ఉండదు; దీన్ని తక్కువ స్పిన్ స్థితి అందాం (స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే చిన్న అయస్కాంత గుణం అనుకోండి). నాలుగు దిగువన ఉండి రెండు ఎగువకు వెళితే నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు మిగులుతాయి, పదార్థం అయస్కాంతం వైపు లాగబడుతుంది. ఇది ఎక్కువ స్పిన్ స్థితి. ఎగువకు ఎక్కడానికి అయ్యే శక్తి, ఒకే ఆర్బిటాల్‌లో ఇద్దరు సర్దుకోవడానికి అయ్యే శక్తి దాదాపు సమానంగా ఉన్న సమ్మేళనాల్లో కొద్దిపాటి వేడి, ఒత్తిడి, వెలుగు కూడా మొగ్గును ఇటునుంచి అటు మార్చగలవు. ఈ మార్పునే స్పిన్ క్రాస్‌ఓవర్ అంటారు. మన గొట్టాల్లో వంగపండు రంగు తక్కువ స్పిన్‌ది, తెలుపు ఎక్కువ స్పిన్‌ది. ఇనుము మూడో ఆక్సీకరణ స్థితిలో ఉన్న డైథయోకార్బమేట్ సమ్మేళనాల అయస్కాంత గుణం వింతగా ఉండడాన్ని 1931లో ఇటలీలో కాంబీ, ఆయన సహచరులు గమనించడంతో ఈ కథ మొదలైంది.

ఇక్కడ ఒక సంగతిని పట్టుకోండి, నా ప్రసంగమంతా దాని మీదే నిలబడి ఉంది. ఎగువ రెండు ఆర్బిటాళ్లు సరిగ్గా నైట్రోజన్ల వైపే చూస్తూ ఉంటాయి. అక్కడికి ఎలక్ట్రాన్లు చేరితే నైట్రోజన్లు వెనక్కి జరుగుతాయి. తక్కువ స్పిన్‌లో ఇనుముకూ నైట్రోజన్‌కూ మధ్య దూరం సుమారు 2.0 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రాము అంటే మిల్లీమీటరులో కోటో వంతు), ఎక్కువ స్పిన్‌లో సుమారు 2.2 ఆంగ్‌స్ట్రాములు. బంధం పదో వంతు సాగింది. అష్టముఖి ఘనపరిమాణం లెక్కవేస్తే దాదాపు మూడో వంతు పెరిగిందన్నమాట. చుట్టూ ఉన్న మెత్తని సేంద్రియ భాగం ఆ పెరుగుదలలో చాలా భాగాన్ని తనలో సర్దుకుంటుంది కాబట్టి స్ఫటికం మొత్తం పెరిగేది సాధారణంగా కొద్ది శాతమే. కానీ గట్టిగా పేర్చిన స్ఫటికంలో కొద్ది శాతం అంటే తక్కువ సంగతి కాదు.

వేడెక్కితే ఎక్కువ స్పిన్ స్థితే ఎందుకు గెలుస్తుంది? ఎంట్రోపీ వల్ల, అంటే ఒక స్థితి ఎన్ని రకాలుగా ఉండగలదో చెప్పే కొలత వల్ల. ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగు ఉంటే స్పిన్ ఐదు రకాలుగా నిలబడగలదు, కాబట్టి స్పిన్ నుంచి వచ్చే ఎంట్రోపీ మోలుకు, కెల్విన్‌కు 13.4 జౌళ్లు. రెండు ఫినాంత్రొలీన్లు, రెండు థయోసయనేట్లు ఉన్న ఇనుప సమ్మేళనం 176 కెల్విన్ దగ్గర ఒక్కసారిగా మారుతుంది. దాని ఉష్ణధారణను కొలిచిన జపాన్ శాస్త్రవేత్తలు సొరాయి, సెకి 1974లో మొత్తం ఎంట్రోపీ మార్పు మోలుకు, కెల్విన్‌కు సుమారు 49 జౌళ్లని తేల్చారు. 13 ఎక్కడ, 49 ఎక్కడ? మిగిలినదంతా బంధాలు సాగి వదులైనందువల్ల పెరిగిన కంపనాల నుంచి వచ్చింది. స్పిన్ అని పేరు పెట్టాం కానీ, ఈ వ్యవహారంలో సింహభాగం పరమాణువుల కదలికదే. ఈ కొలతను నేను ఎప్పుడూ గౌరవంగా తలుచుకుంటాను, ఎందుకంటే పేరును చూసి మోసపోకుండా చూసేది ఇలాంటి కొలతలే.

ఇప్పుడు స్ఫటికంలోకి వద్దాం. ద్రావణంలో కరిగించినప్పుడు ఈ సమ్మేళనాల మార్పు నింపాదిగా, వందల డిగ్రీల మేర పరుచుకుని సాగుతుంది. తల నెరిసినట్లన్నమాట: ఇక్కడొక వెంట్రుక, అక్కడొక వెంట్రుక, దేని దారి దానిది. అదే సమ్మేళనం స్ఫటికమైతే ఒకటి రెండు డిగ్రీల్లోనే మొత్తం మారిపోవచ్చు. అణువులు ఒకదానికొకటి ఏదో చెప్పుకుంటున్నాయి. ఏ భాషలో చెప్పుకుంటున్నాయి? అయస్కాంత భాష అనుకోవడానికి వీల్లేదు, తక్కువ స్పిన్ స్థితిలో అయస్కాంత గుణమే లేదు. దీనికి చక్కని సాక్ష్యం ఉంది. ఇనుము స్థానంలో కొంత మేర జింకును కలిపి స్ఫటికాలు పెంచిన జర్మనీలోని మైంజ్ నగరపు పరిశోధకులు, జింకు పాలు పెరిగి ఇనుప అణువులు దూరమైన కొద్దీ మార్పు మళ్లీ నింపాదిగా మారడాన్ని చూశారు. జింకు స్పిన్ మార్చదు, పరిమాణం మార్చదు; నడుమ కూర్చుని కబురు అందనివ్వదు. అణువులు మాట్లాడుకునే భాష పరిమాణం. ఒకటి ఉబ్బితే పక్కదాన్ని నెడుతుంది, ఒకటి ముడుచుకుంటే పక్కదాన్ని లాగుతుంది.

మన ఊళ్లలో పెళ్లి పందిట్లో బంతి భోజనం గుర్తు తెచ్చుకోండి. చాప మీద మోకాలికి మోకాలు తగిలేలా వరుసగా కూర్చున్నారు. నడుమ ఉన్న మనిషికి కాళ్లు బారజాపుకోవాలని ఉన్నా రెండు వైపులా మనుషులు అడ్డం. ఆయన మోకాలు అరంగుళం జరిపితే ఇటు ఐదుగురు, అటు ఐదుగురు సర్దుకోవాలి. చివర కూర్చున్న ఆయనకు ఒక వైపు అడ్డు లేదు. అందరికీ ఒకేలా ఇబ్బందిగా ఉన్నప్పుడు ముందుగా మోకాలు జాపేది ఆయనే. ఆయన జరిగితే పక్కాయనకు చోటు దొరుకుతుంది, తర్వాత ఆ పక్కాయనకు. స్ఫటికంలోనూ అంతే. లోపలి అణువు చుట్టూ ఆరు వైపులా బంధుత్వాలున్నాయి. ముఖం మీది అణువుకు ఒక వైపు ఖాళీ, అంచు మీది దానికి రెండు వైపులు, మూల మీది దానికి మూడు వైపులు ఖాళీ. మూలన ఉన్నది పరిమాణం మార్చుకోవడానికి కట్టవలసిన స్థితిస్థాపక శక్తి అన్నింటికన్నా తక్కువ. అందుకే మార్పు చాలావరకు మూల నుంచి మొదలవుతుంది.

ఈ మాటను నేను ముందు పుస్తకాల్లో చదివాను, తర్వాత కళ్లతో చూశాను. పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒక ఇనుప సమ్మేళనం స్ఫటికాలను నెల రోజులు పెంచి, వాటిలో అర మిల్లీమీటరు పొడవున్న ఒక మంచి పలకను ఏరి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే అర మీద పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూడడానికి కూర్చున్నాను. తొందరపడ్డాను. నిమిషానికి పది డిగ్రీల చొప్పున చల్లబరిచాను. పలక నడుమ నుంచి సన్నని గీత మెరిసింది, మరుక్షణం మూడు ముక్కలైంది. నెల రోజుల పని. మా నాన్నగారి మాగాణి ఎండాకాలంలో నెర్రెలిచ్చేది గుర్తొచ్చింది: పైపొర ఆరి ముడుచుకుంటుంది, కింది పొర తడిగా అలాగే ఉంటుంది, ఆ రెండింటి పేచీని నేల చీలి తీర్చుకుంటుంది. నా స్ఫటికంలోనూ ఒక భాగం ముడుచుకుంది, మరో భాగం ముడుచుకోలేదు, నేను సర్దుకునే వ్యవధి ఇవ్వలేదు.

రెండో పలకను నిమిషానికి అర డిగ్రీ చొప్పున చల్లబరిచాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పలక కుడివైపు కింది మూలన ఆవగింజంత ముదురు మచ్చ కనిపించింది. అది పెరిగి ఆ మూలంతా నిండింది. ఆపైన ఒక గీతగా తీరి, పలక ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏటవాలుగా సాగి, అదే వాలుతో నెమ్మదిగా ఎడమ వైపు కదలడం మొదలుపెట్టింది. గీతకు ఇటు ముదురు రంగు, అటు లేత రంగు. నడుమ మసక లేదు. ఎవరో గొడుగు నీడను పలక మీదుగా లాగుతున్నట్లు ఉంది. అది ఆ చివర చేరడానికి రెండు నిమిషాలకు కొంచెం తక్కువ పట్టింది. ఆ రెండు నిమిషాలూ నేను ఊపిరి బిగబట్టే చూశానని చెప్పడానికి మొహమాటపడను.

ఇలాంటి చలనాన్ని శాస్త్రబద్ధంగా కొలిచినవారిలో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ పరిశోధక బృందానిది పెద్ద పేరు. వారిలో ఫ్రాన్సువా వారే, కమెల్ బుఖెద్దాదెన్ ముఖ్యులు. వారు చూసిన ఒక ఇనుప సమ్మేళనం 110 కెల్విన్ చుట్టుపక్కల మారుతుంది. దానిలో సరిహద్దు గీత స్ఫటికం పొడవుకు సుమారు 60 డిగ్రీల వాలులో నిలిచి, సెకనుకు కొద్ది మైక్రోమీటర్ల వేగంతో కదులుతుంది. ఈ వాలు మీద కొంచెం ఆగుదాం.

సరిహద్దు నిట్టనిలువుగా, పొట్టి దారిలో అడ్డంగా నిలవవచ్చు కదా, ఏటవాలుగా ఎందుకు నిలుస్తుంది? నరసాపురంలో లేసు కుట్టే ఆడవారిని అడిగితే జవాబు దొరుకుతుంది. ఉతికి కుదించుకుపోయిన బట్టకు ఉతకని కొత్త బట్టను అంచుకు అంచు కలిపి కుడితే కుట్టు పొడవునా ముడతలు పడతాయి. బట్ట అడ్డంలో ఎంత కుదించుకుంది, నిలువులో ఎంత కుదించుకుంది అన్నది సమానం కాదు కాబట్టి, ఐమూలగా కోసి అతికితే ముడతలు తగ్గే దిశ ఒకటి దొరకవచ్చు. స్ఫటికం కూడా అన్ని దిశల్లో సమానంగా ముడుచుకోదు. ఒక అక్షం వెంట ఎక్కువ, మరో అక్షం వెంట తక్కువ, కొన్నిటిలో ఒక అక్షం వెంట ముడుచుకుంటూ మరో అక్షం వెంట సాగడం కూడా ఉంటుంది. రెండు దశల జాలకాలు అతికే చోట పొంతన లేమి ఎటు తక్కువైతే సరిహద్దు అటు వాలుతుంది. స్ఫటికాల సౌష్ఠవానికీ వాటి భౌతిక ధర్మాలకూ ఉన్న సంబంధం మీద జీవితమంతా పనిచేసిన సూరి భగవంతం గారు మన పొరుగున కృష్ణా జిల్లాలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు. దిశను బట్టి ధర్మం మారుతుందన్న పాఠాన్ని ఆయన రాతల ద్వారా నేర్చుకున్న తరాలు మనకు ఉన్నాయి. సరిహద్దు వాలు ఆ పాఠానికి కంటికి కనిపించే ఉదాహరణ.

వేగం సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. ఒత్తిడి కబురు స్ఫటికంలో ధ్వని వేగంతో, అంటే సెకనుకు వెయ్యి మీటర్లకు పైబడిన వేగంతో వెళుతుంది. నా అర మిల్లీమీటరు పలకను ధ్వని దాటడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. సరిహద్దుకు రెండు నిమిషాలు పట్టింది. కబురు కోట్ల రెట్లు ముందే అందినా మార్పు ఎందుకింత నిదానం? రెండు కారణాలు చెప్పవచ్చు. సరిహద్దు దగ్గర ఉన్న ప్రతి అణువూ మారడానికి ఒక శక్తి గట్టును దాటాలి. పక్కవారి ఒత్తిడి ఆ గట్టును తగ్గిస్తుంది కానీ తీసెయ్యదు, కాబట్టి ఉష్ణ కంపనం తనను ఒడ్డున వేసేదాకా అది వేచి ఉండాలి. రెండోది, మారేటప్పుడు గుప్తోష్ణం వెలువడుతుంది. చల్లబరుస్తున్నప్పుడు ఆ వేడి సరిహద్దు దగ్గరే పోగుపడి, చల్లదనాన్ని కొంత రద్దు చేస్తుంది; అది బయటికి పోతేనే గీత ముందుకు కదలగలదు.

మన కోనసీమలో శీతకాలం ఉదయం కొబ్బరి నూనె సీసాను చూసినవారికి ఇందులో సగం తెలుసు. సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే ఆ నూనె ముందుగా గాజు గోడను అంటుకుని తెల్లబడుతుంది, తర్వాత లోపలికి పాకుతుంది, నడుమ కాసేపు పల్చగానే ఉంటుంది. అంచు నుంచి మొదలవడం, వేడి బయటికి పోవడం మీద వేగం ఆధారపడడం రెండూ అక్కడ కనిపిస్తాయి. అయితే పోలిక అక్కడితో ఆగాలి. నూనెలో అణువులు కదిలి వచ్చి కొత్తగా పేరుకుంటాయి. మడవ తీసినప్పుడు నీరు చేనులోకి పాకినట్లు అక్కడ పదార్థమే కదులుతుంది. స్పిన్ స్ఫటికంలో ఏ అణువూ తన చోటు వదలదు. ఎక్కడిది అక్కడే ఉండి పరిమాణం మార్చుకుంటుంది. కదిలేది మార్పు ఒక్కటే. ఘనం నుంచి ఘనానికి, అందులోనూ ఒకే స్ఫటికం తన రూపు చెదరకుండా మారడం వల్లనే పరిమాణాల పేచీ అంత పదునుగా ఉంటుంది.

సిద్ధాంతాల వైపు కొంచెం చూద్దాం. 1971లో వాయ్న్‌ఫ్లాష్, పిక్ ఈ అణువులను ఐసింగ్ నమూనా అనే గణిత నమూనాలో రెండే స్థితులున్న స్పిన్‌ల మాదిరిగా, పక్కపక్క వాటితో మాత్రమే బేరమాడేవిగా భావించారు. మరుసటి ఏడాది స్లిక్టర్, డ్రిక్కమర్ ఉష్ణగతిక శాస్త్రం దారి పట్టారు: ప్రతి అణువూ మొత్తం స్ఫటికం సగటును అనుభవిస్తుందని, ఆ పరస్పర ప్రభావపు శక్తి ఒక హద్దు దాటితే హిస్టెరిసిస్ పుడుతుందని లెక్కగట్టారు. ఆ హద్దు వాయు స్థిరాంకాన్ని మార్పు ఉష్ణోగ్రతతో గుణించి రెట్టింపు చేసినంత. 176 కెల్విన్ దగ్గర మారే పదార్థానికి అది మోలుకు దాదాపు 2.9 కిలోజౌళ్లు, రసాయన బంధాల శక్తితో పోలిస్తే చాలా చిన్నది, కానీ స్ఫటికం జ్ఞాపకం ఉంచుకునేదీ లేనిదీ దాని మీదే తేలుతుంది. ఆ తర్వాత స్పియరింగ్, ఆయన సహచరులు ఆ ప్రభావం ఎక్కడి నుంచి వస్తుందో స్థితిస్థాపక సిద్ధాంతంతో చెప్పారు. ఒక అణువు ఉబ్బితే రెండు రకాల ఫలితం ఉంటుంది. దగ్గరివాటి మీద పడే వికృతి దూరం పెరిగేకొద్దీ త్వరగా సన్నగిల్లుతుంది. స్ఫటికానికి బయటి ముఖాలు ఉన్నందువల్ల పుట్టే మరో ఒత్తిడి మాత్రం స్ఫటికం నిండా సమానంగా పరుచుకుంటుంది. పందిట్లో ఒకాయన మోకాలు జాపితే పక్కాయనకు తగలడం మొదటిది. వరుస మొత్తం కొంచెం కొంచెం జరగడం రెండోది.

ఈ రెండింటిలో ఏదో ఒక్కటే ఉంటే నేను చూసిన ఏటవాలు గీత రాదు. దగ్గరి ప్రభావం మాత్రమే ఉంటే మచ్చలు స్ఫటికంలో ఎక్కడ పడితే అక్కడ పుట్టి పెరుగుతాయి. సమాన ఒత్తిడి మాత్రమే ఉంటే మచ్చలే ఉండవు, అంతటా ఒక్కమాదిరిగా మారుతుంది. టోక్యోలో మియాషితా, రుమేనియాలో ఎనాచెస్కు, వారి సహచరులు అణువులను స్ప్రింగులతో కలిపిన గోళాలుగా భావించి కంప్యూటరులో ఈ రెంటినీ కలిపి నడిపించారు. అంచుల్లేని స్ఫటికాన్ని, అంటే కుడి చివరను ఎడమ చివరతో కలిపేసిన దాన్ని నడిపితే గుంపులు కట్టకుండా అంతటా ఒకేలా మారింది. అంచులు వదిలేస్తే మూలల నుంచి మచ్చలు పుట్టి లోపలికి పాకాయి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినది మరొకటి. నీరు గడ్డకట్టేటప్పుడు గింజకట్టడానికి కావలసిన కనీస పరిమాణం గ్లాసు చిన్నదైనా చెరువు పెద్దదైనా మారదు. ఈ స్ఫటికాల నమూనాల్లో ఆ కనీస మచ్చ స్ఫటికంతో పాటే పెరుగుతుంది: స్ఫటికం రెట్టింపైతే మచ్చ కూడా రెట్టింపు పొడవుకు ఎదిగితే గాని నిలదొక్కుకోదు. స్థితిస్థాపక ప్రభావం చివరి దాకా అందుతుంది కాబట్టి మూలన ఉన్న అణువుల గుంపుకు తాను ఎంత పెద్ద స్ఫటికంలో ఉన్నదీ తెలిసినట్లే ఉంటుంది.

వెర్సాయ్ బృందం చేసిన మరో ప్రయోగం చెప్పకుండా ఉండలేను. సూక్ష్మదర్శిని దీపపు వెలుగును స్ఫటికం పీల్చుకుని కొంచెం వేడెక్కుతుంది. చాలామంది దాన్ని చికాకుగా, దాటవలసిన పొరపాటుగా చూస్తారు. వారు దాన్నే పనిముట్టు చేసుకున్నారు. చల్లబడుతూ గీత సగం దాకా వచ్చినప్పుడు దీపం వెలుగు కొంచెం పెంచారు. గీత నెమ్మదించింది. ఇంకా పెంచితే ఆగింది. ఇంకొంచెం పెంచితే వెనక్కి నడిచింది. అలా వెలుగుతో గీతను ముందుకూ వెనక్కూ నడిపించి, దాని వేగం సున్నా అయ్యే ఉష్ణోగ్రతను పట్టుకున్నారు. హిస్టెరిసిస్ ఉన్న పదార్థంలో రెండు దశలూ నిజంగా సమతౌల్యంలో ఉండే ఉష్ణోగ్రతను మామూలు కొలతలు నేరుగా చూపించలేవు, ఎందుకంటే వేడిచేస్తే అది దాటాక మారుతుంది, చల్లబరిస్తే దిగాక మారుతుంది. ఆలస్యమంతా కొత్త మచ్చ పుట్టడంలో ఉంది. మచ్చ పుట్టి సరిహద్దు ఏర్పడిన తర్వాత దాన్ని ఆపి నిలబెట్టగలిగితే, గీత నిలిచిన చోటే అసలు సమతౌల్యం. 2013లో అచ్చయిన ఈ పనిని చదివినప్పుడు ఇది చేతితో చేసిన ఉష్ణగతిక శాస్త్రం అనిపించింది.

వెలుగు గురించి మరొక్క మాట. 1984లో మైంజ్‌లో డెకుర్టిన్స్, గుట్లిష్, వారి సహచరులు ప్రొపైల్ టెట్రజోల్ ఉన్న ఇనుప స్ఫటికం మీద చాలా చల్లని స్థితిలో ఆకుపచ్చ లేజరు వేసి, వంగపండు రంగును పోగొట్టి, అణువులను ఎక్కువ స్పిన్‌లో బంధించి ఉంచగలిగారు. సుమారు 50 కెల్విన్‌కు దిగువన అవి గట్టు దాటి వెనక్కి రాలేవు. ఈమధ్య ఫ్రాన్స్‌లోని రెన్ నగరపు పరిశోధకులు ఇంకా పొట్టి లేజరు మెరుపులతో ఎక్స్ కిరణాలు కలిపి చూసినప్పుడు, మార్పు మూడు మెట్లుగా విడివడి కనిపించింది. మెరుపు తగిలిన అణువులు పికో సెకను, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, లోపే మారతాయి. అవి ఉబ్బినందువల్ల స్ఫటికం వ్యాకోచించడం నానో సెకన్ల (సెకనులో వంద కోట్లవ వంతుల) లెక్కలో, అంటే ధ్వని స్ఫటికాన్ని దాటే వేళకు జరుగుతుంది. అప్పుడు వెలుగు తగలని అణువులు కూడా ఆ వదులును చూసి మారిపోవడం 2016లో స్పష్టంగా చూపారు. పీల్చుకున్న వేడి అంతటా సర్దుకోవడం మైక్రో సెకన్లకు, అంటే సెకనులో పది లక్షల వంతుల లెక్కలో. అణువు, ఒత్తిడి, వేడి అన్న మూడింటినీ కాలమే విడదీసి చూపించింది. పరిమాణమే భాష అన్న మాటకు ఇంతకన్నా నేరైన సాక్ష్యం నాకు తెలియదు.

ప్రయోగశాల బయట కూడా ఈ మార్పు ఉంది. భూగర్భంలో ఒత్తిడి పెరిగితే చిన్న పరిమాణమున్న స్థితికే మొగ్గు కాబట్టి, లోతైన పొరల్లోని ఖనిజాల్లో ఇనుము తక్కువ స్పిన్‌కు మారుతుందని 2003లో ప్రయోగాలు చూపాయి. మన రక్తంలో కూడా ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఎక్కువ స్పిన్‌లో ఉంటుంది, ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కు అయస్కాంత గుణం ఉండదు. దీన్ని 1936లో పాలింగ్, కోరియెల్ కొలిచారు. అక్కడ కూడా ఒక చోట జరిగిన చిన్న కదలిక మిగతా మూడు చోట్లకు అందుతుంది.

ఉష్ణమాపకం 74 చూపిస్తోందని ముందు వరుసలోని విద్యార్థిని చెప్పారు. వెనక ఉన్నవారు దయచేసి బల్ల దగ్గరికి రండి. ఒక జాగ్రత్త చెబుతాను: గొట్టంలో ఉన్నది ఒకే స్ఫటికం కాదు, సన్నని పొడి. ప్రతి రేణువూ తన మూల నుంచి తానే మారుతుంది, మన కంటికి అది గీతగా కనిపించదు. అంచులు, లోపాలు ఒక్కో రేణువుకు ఒక్కో తీరు కాబట్టి అన్నీ ఒకే డిగ్రీ దగ్గర మారవు. ముందుగా గాజుకు ఆనుకుని చల్లారే వాటిని చూడండి. కుడి గొట్టం అడుగున, గోడ వెంబడి తెలుపు మీద వంగపండు చాయ తగులుతోంది. 72. ఇప్పుడు పైకి వస్తోంది.